లంఖణం అందరికీ పరమౌషధం కాదు

వానలు పడడం మొదలైందంటే ఇంటింటా ఒకటే వరస. ముందు బడికెళ్లే పిల్లాడు ముక్కు చీదుకుంటూ వస్తాడు. రెండోరోజుకి వాడి అక్కకి, మూడోరోజుకి వాళ్ల నాన్నకి, వారం తిరిగేసరికి ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకి అంటుకుంటుంది. అందరికీ మిరియాల కషాయం కాచి, నుదుటి మీద తడిగుడ్డ వేసి, జావ పోసి, వేళకి మాత్రలు అందించేది మనమే. ఆఖరున మంచం ఎక్కేదీ మనమే. అదేమిటోగానీ ఇల్లాలికి జ్వరం తగిలేసరికి మిగతా అందరికీ తగ్గిపోయి, ఆఫీసులూ స్కూళ్లూ మొదలైపోయి ఉంటాయి.

మామూలు మనిషికి ఇది నాలుగురోజుల నలత. ముక్కు కారుతుంది, ఒళ్లు నొప్పులు పుడతాయి, అన్నం సయించదు. ‘లంఖణం పరమౌషధం’ అన్న పెద్దల మాట పట్టుకుని ఒకటిరెండు పూటలు మానేసినా కొంప మునగదు. కానీ చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకి వచ్చిందీ అదే జ్వరం, అదే దగ్గు. దాంతోపాటు ఒంట్లో ఇంకో లెక్క కూడా తారుమారవుతుంది. పైకి కనబడని ఆ లెక్క ఇంట్లో కనీసం ఒక్కరికైనా తెలిసి ఉండాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇదేదో ఒకటి రెండిళ్ల సంగతి కూడా కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ - ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్లమందికి చక్కెర వ్యాధి ఉందని అంచనా కట్టింది. ఇరవయ్యేళ్లు దాటినవాళ్లలో నూటికి 11 మందికి పైమాటే. మరో 13.6 కోట్లమంది ఆ వ్యాధి గుమ్మంలో నిలబడి ఉన్నారని కూడా చెప్పింది. కాబట్టి ఈ వానాకాలం దగ్గుల్లో, జ్వరాల్లో చక్కెర వ్యాధి ఉన్న మనిషి ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

‘తిండే లేదు, మాత్రెందుకే?’

మా పెద్దమ్మకి డెబ్భై ఏళ్లు. చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉంది. పథ్యం విషయంలో ఆవిడంత గట్టిమనిషిని నేను చూడలేదు. పెళ్లి భోజనంలో కూడా లడ్డూ తీసి పక్కవాళ్ల విస్తట్లో పెట్టేసే రకం. 2023 వానాకాలంలో మనవడి దగ్గర్నుంచి ఆవిడకి ఫ్లూ జ్వరం అంటుకుంది. నోరంతా చేదు, ముద్ద దిగదు. “తిండే తినడం లేదు, ఇంక మాత్రెందుకే? వేసుకుంటే కళ్లు తిరిగి పడతాను” అంటూ మాత్రలన్నీ డబ్బాలో పెట్టేసింది. ఆవిడ భయానికీ కారణం లేకపోలేదు. అంతకుముందోసారి ఉపవాసం రోజున మాత్ర వేసుకుని, చెమటలు పట్టి వంటింట్లోనే కూలబడిపోయింది మరి.

చూడవచ్చిన చుట్టాలు ఊరుకుంటారా? నీరసంగా ఉందని ఒకరు గ్లూకోజు నీళ్లు కలిపిచ్చారు, ఇంకొకరు బత్తాయి రసం తీసి పట్టారు. రాత్రిళ్లు ఆరేడుసార్లు లేచి బాత్రూముకి వెళ్తుంటే బార్లీ నీళ్ల ప్రభావం అనుకున్నారు. దాహం దాహం అంటుంటే జ్వరతాపం అనుకున్నారు. మూడోరోజు సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది, హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆవిడ మాట ముద్దముద్దగా వస్తోంది. పిలిస్తే ఆలస్యంగా పలుకుతోంది. కోడలికి అనుమానం వచ్చి వేలు గుచ్చి మీటరు పెట్టి చూస్తే అంకె రాలేదు. ‘హై’ అన్న మాట మాత్రం కనబడింది. చాలా మీటర్లు 600 దాటితే అంకె చూపించవు, ఆ మాటే చూపిస్తాయి.

ఆస్పత్రిలో సెలైనూ ఇన్సులినూ ఎక్కించి మనిషిని మళ్లీ మనుషుల్లో కలిపారు. అయిదోరోజున ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ మంచం పక్కన కూచుని చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. “మీరు తిండి మానేసినా మీ లివరు వంట మానలేదమ్మా. మూడురోజులూ అది చక్కెర తయారుచేస్తూనే ఉంది. దాన్ని అదుపులో పెట్టే మాత్రని మాత్రం మీరు డబ్బాలో దాచారు.”

ఒంట్లో జరిగే వంట

ఆ మాట వెనకున్న సంగతి ఇదీ. వైరస్ లోపలికి చేరగానే శరీరం దాన్ని పెద్ద ఆపదగా లెక్కగడుతుంది. అడ్రినలిన్, కార్టిజాల్, గ్లూకగాన్ అనే హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. పోరాటానికి శక్తి కావాలి కదా! అందుకని లివరు తను దాచుకున్న నిల్వల్లోంచి గ్లూకోజుని రక్తంలోకి వదులుతుంది. చాలకపోతే కొత్తగా తయారుచేస్తుంది కూడా. అదే సమయంలో కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. ఆరోగ్యవంతుల్లో అయితే క్లోమగ్రంథి ఇంకాస్త ఇన్సులిన్ విడుదల చేసి దీన్ని సర్దేస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకి ఆ సర్దుకునే ఓపిక తక్కువ. అందుకే గంజినీళ్లతో గడిపినా షుగరు పెరిగిపోతుంది.

అలా పెరిగిన చక్కెర మూత్రంలోకి దిగుతుంది. పోతూ పోతూ ఒంట్లో నీటిని కూడా లాక్కుపోతుంది. పైన జ్వరానికి పట్టే చెమట ఒకటి. ఒళ్లు ఎండిపోయినకొద్దీ షుగరు ఇంకా పెరుగుతుంది, పెరిగినకొద్దీ ఒళ్లు ఇంకా ఎండుతుంది. చివరికి మనిషి మగతలోకి జారుకుంటుంది. ఇన్సులిన్ బొత్తిగా తక్కువైనవాళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. శరీరం కొవ్వును కరిగించుకుంటూ కీటోన్లనే ఆమ్లాలను తయారుచేస్తుంది. వాంతులు, కడుపునొప్పి, లోతుగా గబగబా తీసే ఊపిరి, నోట్లోంచి మాగిన పండులాంటి వాసన దీని గుర్తులు.

కథ అక్కడితో అయిపోదు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే రోగక్రిములతో పోరాడే తెల్లకణాలు చురుగ్గా పనిచేయలేవు. ముక్కులో మొదలైన వైరస్ ఊపిరితిత్తుల దాకా దిగడానికి, వైరస్ వెనకాలే బాక్టీరియా చేరి న్యుమోనియా రావడానికి అవకాశం పెరుగుతుంది. జ్వరం వల్ల షుగరు, షుగరు వల్ల జ్వరం. అగ్గికి గాలి తోడైనట్టు ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయన్నమాట.

గడిచిన ఏళ్లు నేర్పిన పాఠం

మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది 2009 మే నెలలో, మన హైదరాబాదులోనే. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. మామూలు సీజన్ ఫ్లూగా మనమధ్యే తిరుగుతోంది. మన ప్రాంతాల్లో ఫ్లూ ఎక్కువగా కనిపించేది వానాకాలంలోనూ, జనవరి నుంచి మార్చి మధ్యా. ఫ్లూ ఎవరికి ముదురుతుందో చెప్పే జాబితాల్లో గర్భిణులు, పసిపిల్లలు, వయసు మళ్లినవాళ్లు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లతోపాటు చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల పేరూ ఉంటుంది. 2020లో కరోనా వచ్చాక ఈ సంగతి అందరికీ అనుభవంలోకే వచ్చింది.

కరోనా ఇంకో పాఠం కూడా నేర్పింది. ఆక్సిజన్ అవసరమైన రోగులకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం పోస్తుందని 2020 జూన్‌లో తేలింది. అదే మందుని ఆక్సిజన్ అవసరం లేనివాళ్లు, అందులోనూ షుగరున్నవాళ్లు ఇష్టం వచ్చినట్టు వాడితే ఏమవుతుందో 2021లో చూశాం. చక్కెర హద్దు మీరి, నిరోధకశక్తి దిగజారి, ‘బ్లాక్ ఫంగస్’ అని పిలిచిన మ్యూకార్‌మైకోసిస్ ఎంతోమంది కళ్లనీ, దవడలనీ, ప్రాణాలనీ బలితీసుకుంది. వాళ్లలో ఎక్కువమంది చక్కెర వ్యాధి ఉన్నవాళ్లే.

ఇప్పటికీ కొన్నిచోట్ల జ్వరం, ఒళ్లునొప్పులు ఒక్క పూటలో తగ్గాలని స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చేస్తుంటారు. నిజమే, ఆ పూటకి లేచి కూచుంటారు. కానీ షుగరు ఎగబాకుతుంది. స్టెరాయిడ్ వల్ల పెరిగే షుగరు ఎక్కువగా మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో కనబడుతుంది. పొద్దున్నే పరగడుపున చూసుకుని ‘బాగానే ఉందిలే’ అనుకుంటే మోసపోతాం. అందుకే ఇంజక్షన్ వేయించుకునే ముందు “నాకు షుగరుంది, ఇది స్టెరాయిడా?” అని అడగడానికి మొహమాటపడకండి. దమ్ము లాంటి జబ్బుకి అది తప్పనిసరైతే వేయించుకోవాల్సిందే. అప్పుడు షుగరు ఎన్నిసార్లు చూసుకోవాలో, మందు ఏమైనా పెంచాలో డాక్టరు చెబుతారు.

గుండె సంగతి కూడా మరవద్దు. కెనడాలోని ఒంటారియోలో జరిపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఫ్లూ అని పరీక్షలో తేలిన మొదటి ఏడురోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే ఆరురెట్లు ఎక్కువని అది చెప్పింది. పైగా చక్కెర వ్యాధి ముదిరినవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండానే వస్తుంది. ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమటలు, విపరీతమైన నీరసం కనబడితే ‘జ్వరం నీరసంలే’ అని పడుకోబెట్టకూడదు.

ఏ మందు ఆపాలి? ఏది ఆపకూడదు?

మా పెద్దమ్మకి ఎదురైన చిక్కు ఇదే. అన్ని మందులకీ ఒకే సూత్రం లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, ముఖ్యంగా చిన్నవయసులో వచ్చే టైప్ 1 రకం వాళ్లు, తిండి తినకపోయినా రోజువారీ బేసల్ ఇన్సులిన్ మానకూడదు. మోతాదు తగ్గించాలో పెంచాలో మీటరు చూసి, డాక్టరుని అడిగి తేల్చుకోవాలి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు తిండి లేకుండా వేసుకుంటే షుగరు మరీ పడిపోవచ్చు. పెద్దమ్మ ఉపవాసం రోజున కూలబడింది అలాంటి మాత్రతోనే. మెట్‌ఫార్మిన్‌ని వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతున్నప్పుడు కొద్దిరోజులు ఆపమంటారు.

ఇక డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి ఈమధ్య చాలామంది వాడుతున్నారు. ఈ మందులు మంచివే. కానీ తిండీ నీళ్లూ సరిగా లేనప్పుడు వీటితో కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. అందులో మెలిక ఏమిటంటే, మీటరులో షుగరు అంత ఎక్కువగా కనబడకపోయినా కీటోన్లు పెరగొచ్చు. కాబట్టి జ్వరంతో తిండి మానేసిన రోజుల్లో వీటిని సాధారణంగా ఆపమంటారు. రక్తపోటుకీ, నీరు తగ్గడానికీ వాడే కొన్ని మాత్రల విషయంలోనూ అడగాలి.

చూశారా, ఒకటి ఆపాలి, ఒకటి తగ్గించాలి, ఒకటి మానకూడదు. జ్వరంతో మంచం మీద ఉన్న మనిషి ఇదంతా తేల్చుకోగలదా? అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒంట్లో బాగున్న రోజునే, మామూలు చెకప్‌కి వెళ్లినప్పుడే అడిగి రాసుకోవాలి.

ఒళ్లు నొప్పులకి పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఒళ్లు ఎండిన వేళ మూత్రపిండాలకి చేటు చేస్తాయి. వైరస్ మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు, కాబట్టి మందులషాపులో అడిగి తెచ్చుకోవద్దు. ఫ్లూ అయితే ఒసెల్టమివిర్ అనే మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలెడితే దాని ఫలితం బాగుంటుంది. అంచేత షుగరున్నవాళ్లు ‘నాలుగురోజులు చూద్దాం’ అనకుండా మొదటి రెండు రోజుల్లోనే డాక్టరుకి చూపించుకోవడం మేలు.

జ్వరం రోజుల్లో వంటిల్లు

పూర్తిగా పస్తుండడం వద్దు. అలాగని బలం కోసమని పళ్లరసాలూ గ్లూకోజు నీళ్లూ వద్దు. మూడునాలుగు గంటలకోసారి కొంచెం కొంచెంగా, పలచని జావ, గంజి, మెత్తటి ఇడ్లీ, చారన్నం, పెరుగన్నం ఏది సయిస్తే అది పెట్టండి. గంటకో గ్లాసు చొప్పున నీళ్లు, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, వేడి చారు తాగిస్తుండాలి. గుండె, మూత్రపిండాల జబ్బులుండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. వాంతులు, విరేచనాలుంటే ఓఆర్ఎస్ పట్టవచ్చు. అందులో కొద్దిగా గ్లూకోజు ఉన్నా ఆ సమయంలో అది మందే.

కషాయం కాచుకోండి, తప్పులేదు. అల్లం, మిరియాలు, తులసి వేసుకోండి. అందులో బెల్లం, తేనె మాత్రం వద్దు. తేనెకి షుగరు పెరగదన్నది ఉత్త భ్రమ. దగ్గు సిరప్ కొనేటప్పుడు చక్కెర లేనిది అడగండి. ముక్కుదిబ్బడకి వేసుకునే కొన్ని మాత్రలు రక్తపోటునీ షుగరునీ పెంచుతాయి, అవీ అడిగే వాడాలి.

అన్నిటికంటే ముఖ్యం మీటరు. జ్వరం ఉన్నన్నాళ్లూ నాలుగు గంటలకోసారి చూసి, టైము వేసి అంకె రాసిపెట్టండి. 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటాగి మళ్లీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. జ్వరానికి ముందూ తర్వాతా మీటరు పట్టీల గడువు తేదీ చూసి పెట్టుకోవడం కూడా మన పనే.

ఎప్పుడు ఆగకూడదు?

షుగరు వరసగా రెండుసార్లు 300 దాటినా, ఏదీ కడుపులో నిలవకుండా వాంతులవుతున్నా, జ్వరం 101 డిగ్రీలు దాటి రోజు గడిచినా తగ్గకపోయినా డాక్టరుకి ఫోన్ చేయాలి. ఆయాసం, ఛాతీనొప్పి, పెదాలు నీలిరంగు తిరగడం, మాట తడబడడం, మగత ఉంటే ఫోన్లతో పొద్దుపుచ్చకుండా 108కి కబురు చేసి ఆస్పత్రికి వెళ్లిపోవాలి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఏ సొరుగులోనో ఉంటుంది, తీసి పెట్టుకోండి. అందులో 94 కంటే తక్కువ చూపిస్తే అది కూడా ఆస్పత్రికి వెళ్లాల్సిన లెక్కే.

టీకా సంగతి

“షుగరున్నవాళ్లు సూదులు వేయించుకోకూడదట కదా?” అని మా వీధిలోనే నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. నిజానికి ఫ్లూ టీకా ముందుగా వేయించుకోవాల్సినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఫ్లూ వైరస్ ఏటేటా రూపం మార్చుకుంటుంది కాబట్టి ఈ టీకా కూడా ఏటా కొత్తది వేయించుకోవాలి. వానలకి ముందే వేయించుకుంటే మంచిది. చేయి ఒకటిరెండు రోజులు సలుపుతుంది, కొద్దిగా ఒళ్లు వెచ్చబడవచ్చు, అంతే. టీకా వేయించుకున్నా ఫ్లూ రావచ్చు. కానీ వస్తే ఆస్పత్రి దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా గురించి కూడా డాక్టరుని అడగండి. పెద్దమ్మకి ఇప్పుడు రెండూ వేయించారు.

బీరువా తలుపు మీద ఓ కాగితం

చివరగా ఓ చిన్న పని. ఈ ఆదివారం తీరిక చేసుకుని ఒక కాగితం మీద అయిదు సంగతులు రాయండి. వాడే మందుల పేర్లు, మోతాదులు. జ్వరం వస్తే వాటిలో ఏది ఆపాలి, ఏది మానకూడదన్నది డాక్టరుని అడిగి. షుగరు ఎంతైతే ఫోన్ చేయాలన్నది. డాక్టరు నంబరు. మీటరు, పట్టీలు, ధర్మామీటరు ఎక్కడున్నాయన్నది. దాన్ని బీరువా తలుపుకి అంటించండి.

చక్కెర వ్యాధి ఉన్నది మీకే అయితే ఇంకో పని కూడా ఉంది. అత్తగారికీ, ఆయనకీ షుగరు చూడడం మీకు వచ్చు. మీకు చూడడం ఇంట్లో ఇంకెవరికైనా వచ్చా? రాకపోతే పెద్దపిల్లనో, పిల్లాడినో, ఆయన్నో పిలిచి ఆ ఆదివారమే వేలు చాపండి. గుచ్చడం, పట్టీ పెట్టడం, అంకె చదవడం పది నిమిషాల్లో నేర్చుకుంటారు. నలుగురికీ కషాయం కాచే మనిషి మంచాన పడినరోజున ఆ కాగితం చదివి, ఆ మీటరు పట్టుకుని పక్కన కూర్చునే వాళ్లొకరు ఇంట్లో ఉండాలి కదా!